అరగంట చీకటి

మా బావమరిదిని అందరూ బ్రోచరు అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి చేతులెత్తి మొక్కాలి. ఆసుపత్రులకి మిషన్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం వీడిది. పెళ్ళికొచ్చినా, పరామర్శకొచ్చినా చంకలో నున్నటి రంగుల కాగితాలుంటాయి. ఎదుటి మనిషి ఏడుస్తున్నా సరే, ఏడుపుకీ ఏడుపుకీ మధ్య దొరికే సందులో ఒక కాగితం చేతిలో పెట్టగలడు. నాకు అన్యాయం చేసినవాళ్ళు ఈ లోకంలో చాలామందే ఉన్నారు. ఏడో తరగతిలో బడి మాన్పించి చేతికి సుత్తి ఇచ్చిన మా నాన్న దగ్గర్నుంచి మొదలుపెడితే తెల్లారుతుంది. వాళ్ళందర్నీ ఏదో ఒకనాటికి క్షమిస్తానేమో. బ్రోచర్ని మాత్రం క్షమించను.

రెండోసారి కూడా మాకు గర్భం నిలవలేదని తెలిసిన రోజు మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. వాడొచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అంతా టెన్షన్ వల్లేనక్కా. మనసు ప్రశాంతంగా పెట్టుకుని ఉంటే ఈపాటికి నీ ఒళ్ళో పాప ఉండేది" అన్నాడు.

ఓదార్పనుకునే అన్నాడు. కానీ ఆ మాటలోని తాత్పర్యం ఏమిటి? తప్పు నీదే అని. ఆమె ఇటు తిరగలేదు. చెవి పక్కన నరం ఒకటి గబగబా కొట్టుకోవడం మాత్రం నాకు కనిపించింది. అప్పుడే వాణ్ణి మెడపట్టి బయటికి తోసుంటే ఈ కథే లేదు.

మాది సీట్లు చేసే దుకాణం. సోఫాలు, బస్సు సీట్లు, సెలూన్ కుర్చీలు ఏవొచ్చినా చేస్తాం. కింద రెండు గదులు దుకాణం, పైన మేం ఉండేది. రోడ్డు వైపు ముందు గదిలో కిటికీ పక్కన మా ఆవిడ కుట్టుమిషను. వెనక గదిలో నేను, చెక్కలు, స్ప్రింగులు, ఫోము ముక్కలు. నేను మెత్త వేస్తే ఆమె తొడుగు కుడుతుంది. పెళ్ళి లేటుగా అయింది మాకు. ఆమెకి నలభై దగ్గర పడింది. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది, "ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం. అది కూడా కాకపోతే ఆ తర్వాత నేనే వద్దంటాను."

ఇంకొక్కసారి అంటే చేతిలో డబ్బుండాలి కదా. పక్కన ఫోన్లు బాగుచేసే అతను ఎప్పట్నుంచో మా ముందు గది మీద కన్నేసి ఉన్నాడు. అతనికి అమ్మేశాను. వానలు మొదలైన వారంలో గదికీ గదికీ మధ్య గోడ లేచింది. మా ఆవిడ మిషను వెనక గదిలో ఫోము కుప్ప పక్కకి వచ్చింది. ఇక మా దుకాణానికి రావాలంటే పక్క సందులోంచి రావాలి. రోడ్డు మీద పోయేవాడికి మేం ఉన్నట్టు కూడా తెలియదు.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. జానెడు సూదితో రోజంతా రెక్సిన్ కుట్టేవాణ్ణి, వెంట్రుకంత సూది పట్టుకుంటే నా చెయ్యి తడబడేది. "ఇలా ఇవ్వండి, మీ వణుకు చూస్తుంటే నాకు గుచ్చుకోకముందే నొప్పేస్తోంది" అని ఆమే తీసుకుని, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టుకుని పొడుచుకునేది. నేను తల తిప్పుకునేవాణ్ణి. తల తిప్పుకునే అడిగేవాణ్ణి.

"అయిందా? మందంతా దిగిందా? ఏమన్నా మండుతోందా? నిన్నటికంటే ఎక్కువా తక్కువా? కడుపుబ్బరంగా ఉందా? ఎడమ పక్కా కుడి పక్కా? భోజనం చేశాక ఎలా ఉంది? నిద్ర పట్టిందా? నిజం చెప్పు, పట్టిందా?"

నేనేం తిట్టలేదు, కొట్టలేదు. అడిగాను. పెళ్ళాం సంగతి మొగుడు అడక్కపోతే వీధిలోవాళ్ళు అడుగుతారా? మెట్లెక్కుతుంటే అడిగాను, మెట్లు దిగుతుంటే అడిగాను. ఆమె స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపు కొట్టి అడిగాను. అంతకుముందు రెండుసార్లు పోయింది. ఇది మూడోది, ఆఖరుది. ఎక్కడ ఏ చిన్న తేడా వస్తే చేజారిపోతుందో అని నా భయం.

అలాంటి ఒక సాయంత్రం బ్రోచరు తడిసిన గొడుగుతో, ఒక అట్టపెట్టెతో దిగాడు.

"అక్కా, నీకోసం డెమో పీసు తెచ్చాను. కంపెనీ వాళ్ళని బతిమాలి తెచ్చాను" అన్నాడు. పెట్టెలోంచి నల్లటి డబ్బా తీశాడు. ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే అద్దాల్లాంటిదే గానీ ముందుకి పొడుచుకొచ్చి, గుర్రానికి కళ్ళగంతలు కట్టినట్టుంది. "వీఆర్ హెడ్‌సెట్. ఇందులో హిప్నాసిస్ ఉంటుంది. అరగంట పెట్టుకుంటే భయం గియం అంతా దిగిపోతుంది."

"హిప్నాటిజమా? స్టేజీ మీద మనిషిని కోడిలా కూయిస్తారే, అదా?" అన్నాను.

"అది గారడీ బావా. ఇది వైద్యం. లోపల ఒక బొమ్మ కనిపిస్తుంది, ఒక గొంతు నెమ్మదిగా చెబుతుంటుంది. ఆ చెప్పినట్టు ఊపిరి తీసుకుంటుంటే మనసు తనంతట తనే కిందికి దిగుతుంది. మన తెలివి మనకుంటుంది. మనచేత ఎవరూ ఏమీ చేయించరు. పిల్లల కోసం ట్రీట్‌మెంటు చేయించుకునేవాళ్ళకి ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఇదే పెడుతున్నారు."

"పెట్టి?"

"పెట్టి ఏంటి బావా! ఇదిగో, కాగితం చదువు."

నేను చదవలేదు. మా ఆవిడ మాత్రం డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. కిటికీ పోయిన దగ్గర్నుంచి ఆమె దేన్నీ అలా చూడలేదు. "పెట్టు, చూద్దాం" అంది తమ్ముడితో.

నేను చేసిన వాలుకుర్చీలోనే కూర్చోబెట్టాడు. తల చుట్టూ పట్టీ బిగించాడు. ఆమె మొహం సగం మాయమైపోయింది, పెదాలు, గడ్డం మిగిలాయి. కాసేపటికి కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. తల పక్కకి వాలింది. నాకు భయమేసింది.

"ఏమే, ఏమైంది? పడుకున్నావా? ఏమన్నా తిరుగుతోందా?"

ఆమె ఉలిక్కిపడింది. బ్రోచరు నా మోచెయ్యి పట్టి గుమ్మం దాకా లాక్కెళ్ళాడు. "బావా, నీ నోటికి దండం పెడతాను. ఇది పెట్టుకున్నప్పుడు ఎవరూ పలకరించకూడదు. ఇల్లు కూలుతున్నా సరే. మధ్యలో కదిపావంటే పెట్టిందంతా వృథా."

ఆ మాట ఆమెకీ వినిపించింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

తీశాక, "సముద్రం అడుగున ఉన్నట్టుందండీ. నీలంగా వెలుగు. ఎవరో ఆడమనిషి చెవి పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది" అంది. చాలా రోజుల తర్వాత అడక్కుండా ఆమె చెప్పిన మాట అది.

నాలుగైదు రోజులు బాగానే సాగింది. కానీ డబ్బా తీసేసరికి బుగ్గల మీద, నుదుటి మీద ఎర్రటి అచ్చు పడేది. ముక్కు దూలం దగ్గర కందిపోయేది. "బరువుగా ఉంది, తలనొప్పి పుడుతోంది" అంది ఒకరోజు. నేను డబ్బా తిరగేసి చూశాను. లోపలి మెత్త చూస్తే నవ్వొచ్చింది. వేలెడు మందం కూడా లేదు, గట్టి స్పాంజి, అంచుకి కుట్టు లేదు. ఇంత పెద్ద కంపెనీ, ఇంత తెలివైన మిషను, మనిషి ఒళ్ళు ఆనే చోట ఏం ఉండాలో తెలియలేదు వీళ్ళకి.

అది నా పని. ఆ ఒక్క పనీ నాకు తెలుసు. మధ్యాహ్నం బస్సు సీట్లు పక్కన పడేసి కూర్చున్నాను. రెండు రకాల ఫోము తీసుకున్నాను. కింద బరువు ఆపే గట్టిది, పైన చర్మానికి తగిలే మెత్తటిది. నుదుటి దగ్గర ఎత్తుగా, బుగ్గల దగ్గర పల్లంగా, ముక్కు దగ్గర సన్నగా కోశాను. పైన పాత సిల్కు లైనింగు గుడ్డ సాగదీసి లోపలి కుట్టు వేశాను. పాతది పీకేసి ఇది అంటించాను. రాజుల మొహాలకి కూడా అంత మెత్త ఎవడూ వేసుండడు.

ఆ సాయంత్రం ఆమె పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. మొదట ఒకసారి తల అటూ ఇటూ కదిపింది. డబ్బా పక్కన మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అంతే, అరగంట కదల్లేదు.

తీసేసరికి మొహం మీద ఒక్క గీత లేదు.

"ఎలా ఉంది?"

"హాయిగా ఉంది" అంది.

"మెత్త?"

"చాలా బాగుందండీ."

"ఏం కనిపించింది?"

ఆమె డబ్బా పట్టీ వేలికి చుట్టుకుంది. "తాబేలొచ్చింది" అంది.

ఆ తర్వాత ఆ తాబేలు మా ఇంట్లో మనిషైపోయింది. రోజూ సాయంత్రం డబ్బా తియ్యగానే అడిగేవాణ్ణి, "వచ్చిందా?" అని. ఒకరోజు పక్కనుంచి ఈదుకుంటూ పోయిందనేది. ఒకరోజు దాని వీపు మీద నాచు పట్టి ఉందనేది. ఒకరోజు రాలేదంటే నాకు బెంగగా అనిపించి, "రేపొస్తుందిలే" అని నేనే ఓదార్చాను. ఆమె పెదవి బిగబట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే ఆమెలో మార్పొచ్చింది. ఒక పూట పెట్టుకునేది రెండు పూటలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక్కోసారి నేను మెట్లెక్కి వచ్చే చప్పుడు కాగానే డబ్బా అందుకునేది. బ్రోచరు వచ్చి చూసి, ఛాతీ విరుచుకుని తిరిగాడు. "చూశావా బావా! ఇదే సంగతి నేను మూడు ఆసుపత్రుల్లో చెప్పాను. మా అక్కే ఉదాహరణ అని చెప్పాను."

"మెత్త నేను వేశానని చెప్పావా?"

"మెత్తదేముంది బావా, లోపలున్నది ముఖ్యం గానీ."

అండాలు తీసే రోజొచ్చింది. ఆసుపత్రిలో చిన్న గదిలో వరసగా కుర్చీలు. ప్లాస్టిక్‌వి, కూర్చుంటే నడుం విరిగే రకం. మా ఆవిడ ఆసుపత్రి గౌను వేసుకుని, నల్ల డబ్బా మొహానికి పెట్టుకుని, ధ్యానంలో ఉన్నట్టు కూర్చుంది. పక్కన ఇంకో అమ్మాయి వాళ్ళాయన భుజం మీద తల పెట్టి వెక్కుతోంది. నేను తలుపు దాకా నడవడం, వెనక్కి రావడం. పెద్ద నర్సు బీపీ మిషను పట్టుకుని వచ్చింది. మా ఆవిడది చూసింది, ఆవిడ ధ్యానం చెదరకుండానే.

"చక్కగా ఉంది" అంది. తర్వాత నా వైపు చూసి, "మీరిలా రండి సార్, కూర్చోండి" అంటూ నా చేతికి పట్టీ చుట్టింది. గాలి కొట్టి, అంకెలు చూసి, "అమ్మో! ఇవాళ మంచం ఎక్కాల్సింది మీరు. ఆవిడైతే నడిచే వెళ్తుంది" అంది. వెక్కుతున్న అమ్మాయి కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సరిగ్గా డాక్టరమ్మ వచ్చే వేళకి బ్రోచరు ఊడిపడ్డాడు. "చూడండి మేడమ్, మా హెడ్‌సెట్ ఎఫెక్టు. ఈసారి ఖాయం" అన్నాడు.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ, "భయం తగ్గడానికి మంచిదే. కొందరికి బాగా పనిచేస్తోంది. కానీ గర్భం నిలవడానికీ దీనికీ ముడి పెట్టకండి. అంతకుముందు పోయింది ఈవిడ భయపడ్డందుకు కాదు. రేపు నిలిస్తే అది ఈవిడ భయపడనందుకూ కాదు" అంది.

మా ఆవిడ డబ్బా మెల్లగా పైకెత్తింది. "ఇంకోసారి చెప్పండి మేడమ్" అంది.

డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది. మా ఆవిడ తమ్ముడి వైపు చూసింది. చూసింది, అంతే. వాడు ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

ల్యాబులో చివరికి నిలిచినవి రెండు పిండాలు. రెండూ లోపల పెట్టారు. తర్వాత కోసమని దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. ఫలితం తెలిసేదాకా ఎదురుచూడమని ఇంటికి పంపారు.

ఆ ఎదురుచూపు పగవాడికి కూడా వద్దు. ఆమె పైన డబ్బా పెట్టుకుని హాయిగా కూర్చుంటుంటే కింద నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఎడమ వైపు గుడ్డ కుడి వైపుకి కోశాను. సెలూన్ కుర్చీకి మేకు కొట్టబోయి బొటనవేలు మీద కొట్టుకున్నాను. గోడవతల ఫోన్ల అతను ముందు గదిలో అరలు బిగిస్తున్నాడు. డ్రిల్లు చప్పుడు పంటి నరంలో పెట్టినట్టుండేది. వాడు కన్నం పెట్టినప్పుడల్లా, ఆ గది దేనికోసం అమ్మానో అది నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న నా తల్లోకి దిగేది.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. డాక్టరమ్మ కాస్త నడవమందని ఆమె గొడుగు తీసుకుని సందు చివరిదాకా వెళ్ళింది. "నేనూ వస్తాను" అన్నాను. "వద్దు, ఇంటికి తాళం వెయ్యాలి" అంది. నేను పైకెళ్ళాను. వాలుకుర్చీ మీద డబ్బా ఉంది. అందరికీ పనిచేసేది నాకెందుకు పనిచెయ్యదు అనుకున్నాను. పెట్టుకున్నాను.

చీకటి.

ఇలాగే మొదలవుతుంది కాబోలు అనుకున్నాను. సినిమా హాల్లో కూడా ముందు దీపాలు ఆర్పుతారు కదా. మెత్త మాత్రం అద్భుతంగా ఉంది, గాలి కూడా లోపలికి రావడం లేదు. సముద్రం కోసం కూర్చున్నాను. ఆడగొంతు కోసం చెవులు రిక్కించాను. నా ఊపిరి నాకే బుసకొట్టినట్టు వినిపిస్తోంది. కింద నుంచి డ్రిల్లు చప్పుడు. పక్కనున్న మీట నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు. ఆ చీకట్లో నా ఆలోచనలు నా మీదికే ఎక్కి వచ్చాయి. పట్టుమని పది నిమిషాలు కూడా ఉండలేక పీకి పడేశాను.

ఛార్జింగు చూశాను, నిండుగా ఉంది. నేనేమైనా పాడుచేశానేమో, సాయంత్రం ఆమెకి డబ్బా లేకపోతే ఎలాగని బ్రోచరుకి ఫోను చేశాను. దగ్గర్లోనే ఉన్నాడు, వచ్చేశాడు.

డబ్బా తిప్పి చూసి, "ఈ దిండు ఎవడేశాడు?" అన్నాడు.

"దిండు కాదు, మెత్త. నేనే."

"ఎప్పుడు?"

"మొదటివారంలోనే. బుగ్గలు కందిపోతుంటేను."

వాడు నా ఫోము వేలితో నొక్కి, లోపల రెండు అద్దాల మధ్య చూపించాడు. "ఇక్కడ చిన్న కన్నుంది చూడు బావా. మనిషి నుదురు దీనికి దగ్గరగా వస్తేనే ఎవరో పెట్టుకున్నారని దీనికి తెలుస్తుంది. లేకపోతే ఎవరూ లేరనుకుని బొమ్మా, గొంతూ అన్నీ ఆపేసుకుంటుంది. నువ్వేసిన మెత్తకి మనిషి మొహం ఆ దరిదాపులకి కూడా పోదు. ఇది ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా వెలిగి ఉండదు."

అన్నాక వాడికే అర్థమైంది. మొహం పాలిపోయింది. "మూడు ఆసుపత్రుల్లో చెప్పాను బావా" అని కుర్చీలో కూలబడ్డాడు. "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. సరేనా?"

నా కుట్టంతా బొటనవేలితో పీకేసి, పెట్టెలో ఉన్న పాతలాంటి మెత్త ఒకటి తగిలించి, నా మొహానికి పెట్టాడు. నీలం వెలుగొచ్చింది. నాచు ఊగుతోంది. చిన్న చిన్న చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. ఆడగొంతు ఊపిరి తీసుకోమంది, తీసుకున్నాను. వదలమంది, వదిలాను. ఆఖరిదాకా చూశాను.

"తాబేలు ఎప్పుడొస్తుంది?" అన్నాను తీసి.

"తాబేలా? ఇందులో తాబేలు లేదు బావా."

వాణ్ణి పంపేశాను. మళ్ళీ వాన పట్టుకుంటే ఎక్కడో ఆగిపోయిందేమో, ఆలస్యంగా వచ్చింది ఆమె. గొడుగు విదిలించి మూల పెట్టింది. చెప్పులు గుమ్మం దగ్గర సర్దింది. కుర్చీ మీద పీకేసిన నా ఫోము ముక్కలు చూసి అక్కడే ఆగింది.

"తాబేలు లేదంట" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"మీ తమ్ముడు. అసలు డబ్బాయే వెలగడం లేదంట. నేను మెత్త వేసిన దగ్గర్నుంచి."

ఆమె చిన్నగా నవ్వింది. "మీరు రోజూ ఏం కనిపించిందని అడిగితే ఏం చెప్పను మరి? చీకటి కనిపించిందంటే దాని మీద ఇంకో పది ప్రశ్నలు."

"వెలగడం లేదని ఒక్క ముక్క చెప్తే విప్పి బాగుచేసేవాణ్ణిగా!"

"అందుకే చెప్పలేదు."

నాకు అర్థం కాలేదు.

"అది పెట్టుకుంటే మీరు మాట్లాడరు కదండీ" అంది. కోపంగా అనలేదు. ఉప్పయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది.

"అంటే ఇన్నాళ్ళూ ఆ చీకట్లో ప్రశాంతంగా..."

"ప్రశాంతంగా ఉన్నానని నేనెప్పుడన్నాను? భయపడ్డాను. తీరిగ్గా భయపడ్డాను. మీ భయానికి సమాధానం చెప్పక్కర్లేకుండా, నా భయం నేను." అని, "తల తడిసింది, తువ్వాలు ఎక్కడ పెట్టారు?" అంది.

నేను కిందికి దిగిపోయాను. నాకు ఒళ్ళు మండింది. ఎవరి కోసం అడిగాను? ఎవరి కోసం రోడ్డు వైపు గది అమ్ముకుని సందులో పడ్డాను? సరే, మాట్లాడకపోతేనే నయమైతే మాట్లాడను. నోటికి తాళం వేశాను. పొద్దున కాఫీ పెట్టి పక్కన పెట్టడం, కిందికి పోవడం. భోజనానికి రావడం, పోవడం. అడగాల్సిన మాటలన్నీ కడుపులో మూటకట్టుకుని తిరిగాను. ఆమె డబ్బా పెట్టుకోలేదు. అక్కర్లేకపోయింది.

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు ఆమె మెట్లు దిగి దుకాణంలోకి వచ్చింది. నేనొక పాత నీలం సోఫా విప్పుతున్నాను. ఆమె ఫోము కుప్ప మీద కూర్చుంది.

"ఏదన్నా అడగండి" అంది.

"ఎందుకు?"

"మీరిలా మూగనోము పడితే ఇంకా భయంగా ఉంది."

"ఏమడగను?"

"ఏదో ఒకటి. నా కడుపు గురించి తప్ప."

అన్ని నెలలుగా ఇంకో మాట అడిగినట్టు గుర్తులేదు. చివరికి, "ఈ సోఫా అంచుకి తెల్ల పట్టీ వెయ్యనా, నల్లది వెయ్యనా?" అన్నాను.

ఆమె లేచి వచ్చి గుడ్డ చేత్తో తడిమింది. తల వంచి నిజంగానే ఆలోచించింది. "నీలమే వెయ్యండి. ఉన్నట్టు తెలియకుండా ఉంటుంది" అంది. నేను తల ఊపాను. ఆమె అక్కడే కూర్చుంది. గోడవతల డ్రిల్లు మొదలైంది. ఈసారి ఇద్దరం కలిసి విన్నాం. ఆమె చెయ్యి వచ్చి నా మోచేతి మీద ఆగింది, డ్రిల్లు ఆగేదాకా ఉంది.

ఫలితం వచ్చే రోజున పొద్దుటే ఇద్దరం వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాం. ఫోను చేస్తామన్నారు. ఆమె పైన ఉంది, నేను కింద. మధ్యాహ్నం దాటాక పైన ఫోను మోగింది. ఒక్కసారే మోగి ఆగింది, ఎత్తింది. నా చేతిలో సూది అలాగే ఉంది. పరుగెత్తుకుని పైకి పోవాలని కాళ్ళు లేచాయి. కూర్చోబెట్టాను.

ఆమె దిగి వచ్చింది. నా మొహం చూడలేదు. మిషను మీది గుడ్డ తీసింది. దారం సూదిలోకి ఎక్కించబోతే మొదటిసారి ఎక్కలేదు. కొస నాలుక మీద తడిపి ఎక్కించింది. సోఫా తొడుగు ఒకవైపు మొత్తం కుట్టింది, కుట్టు ఎక్కడా వంకర పోలేదు. ప్రశ్నలన్నీ నా నోటిదాకా వచ్చాయి. ఏమన్నారు, ఎవరన్నారు, అంకె ఎంతన్నారు, మళ్ళీ ఒకసారి చూస్తామన్నారా. ఒక్కటి కూడా బయటికి రానివ్వలేదు.

తొడుగు తిరగేస్తూ, "లేదన్నారండీ" అంది.

"ఊఁ" అన్నాను.

ఆమె రెండోవైపు కుట్టడం మొదలుపెట్టింది. మధ్యలో మిషను ఆగింది. తల చక్రం మీద ఆనించింది. నేను లేచి, కుర్చీ లేకపోతే ఫోము కుప్పే పక్కకి లాక్కుని, ఆమె భుజానికి నా భుజం తగిలేలా కూర్చున్నాను. ఏమీ అడగలేదు. బయట సందులో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

సాయంత్రానికి బ్రోచరు వచ్చాడు. కాళ్ళు కడుక్కోకముందే మొదలుపెట్టాడు. "అధైర్యపడకు అక్కా. ఈ డాక్టరు కాకపోతే ఇంకో డాక్టరుంది, వయసు దాటినవాళ్ళకి కూడా చేస్తుంది. కాగితం తెచ్చాను. బావా, ఇంకొక్కసారి చూద్దాం. వెనక గది ఇంకా ఉందిగా."

నేను సుత్తి కింద పెట్టాను. ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. ఆమె ముందు లేచింది. వాడి చంకలోని కాగితాలు ఒక్కొక్కటీ కాదు, మొత్తం తీసుకుని, సమంగా తట్టి, మళ్ళీ వాడి చంకలోనే పెట్టింది.

"ఇంక చాలు తమ్ముడూ. భోజనం చేసి వెళ్తావా, ఇలాగే వెళ్తావా?" అంది.

వాడు ఇలాగే వెళ్ళాడు. ఆ మూడు ఆసుపత్రుల్లో వాడు ఇప్పటికీ మా ఆవిడ సంగతి చెబుతూనే ఉన్నాడని విన్నాను. భయం పోయిన మనిషిగా.

వానలు వెళ్ళిపోయాయి. ఫోన్ల అతను ముందు గదికి రంగులేసి, గాజు తలుపు పెట్టి, దీపాలు బిగించాడు. సందులోంచి రావడానికి బద్ధకించి పాత ఖాతాదార్లు చాలామంది మానేశారు. ఎప్పుడన్నా రోడ్డు మీద కలిసినవాళ్ళు, ఆ వానాకాలం మీరు కనిపించడమే మానేశారు, ఏమైంది, ఏమన్నా నష్టమొచ్చిందా అని అడుగుతారు. మా ఆవిడ పక్కనుంటే ఆమె అటు తిరిగి నిలబడుతుంది. నేనే చెప్తాను. రోడ్డు వైపు గది పోయింది. పద్దెనిమిది అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు, కిటికీతో సహా.